ఓడలో మనోడున్నడు

ముంబై రేవు దాటాక, ఓడలో పనివాళ్ల గది
నవంబర్

దోస్తు మధుకర్‌కు మహిపాల్ రాసేది,

నువ్వు ఫోన్లో అడిగింది సగమే వినపడింది, అంతలో ఓడ కదిలి సిగ్నల్ పోయింది. నడిసముద్రంలో ఫోన్ పనిచేయదు. ఓడ నెట్ కొనుక్కుందామంటే మనసొప్పదు. అందుకే పడక మీద బోర్లా పడుకుని కాగితం మీద రాస్తున్నా. రేవుకు రాగానే ఫోటో కొట్టి పంపుతా. నువ్వూ అట్లాగే రాయి. వాయిస్ మెసేజ్ మాత్రం పెట్టకు. మేం నలుగురం ఒకే గదిలో ఉంటాం. నీ గొంతు వింటే ఫిలిప్పీన్స్ పోరడు "ఎవరితో కొట్లాట?" అని భయపడుతున్నాడు.

ఇన్నేళ్లూ దుబాయ్ టికెట్లు అమ్మిన మీ ఆఫీసు ఇప్పుడు ఓడ ప్రయాణాలు అమ్ముతుందంటే నవ్వొచ్చింది. మనోళ్లు సముద్రం మీదుగా ఎన్నిసార్లు ఎగిరిపోయినా దాన్ని చూసింది లేదు. చూడనీ, మంచిదే. నువ్వు పంపిన రంగుల పుస్తకం చూశాను. అందులో ఏ గది అయినా బంగారమే. నేను ఆ గదుల్లో పక్కలు దులిపేవాణ్ణి, నేను చెప్పేది విను.

లోపలి గదికి కిటికీ ఉండదు. దీపం ఆర్పితే పగలో రాత్రో తెలియదు. పొద్దంతా పైన తిరిగి పడుకోవడానికి మాత్రం వచ్చే కుర్రాళ్లకు అది చాలు. కిటికీ గదికి అద్దం ఉంటుంది, తెరుచుకోదు. దీనిలో ఒక మోసం ఉంది, చెవిన పెట్టుకో. కొన్ని గదుల ముందు ప్రాణరక్షణ పడవలు వేలాడుతుంటాయి. తెర తీస్తే సముద్రం కాదు, పడవ అడుగు కనిపిస్తుంది. అయినా దాన్ని సముద్రం కనిపించే గది అనే అమ్ముతారు. బాల్కనీ గది అయితే తలుపు తీసి గాలిలో కూర్చోవచ్చు. సూట్ అనే పెద్ద గదుల వాళ్ల లోకం వేరు. ఓడెక్కడానికి వేరే వరుస, తినడానికి వేరే హాలు, చొక్కా విప్పితే ఇస్త్రీ చేసి తెచ్చేవాడు ఒకడు. మెడలో వేసుకునే కార్డు రంగును బట్టి ఇక్కడ మర్యాద. ఊగుడు సంగతి అడిగావు. కింది అంతస్తులో, ఓడ మధ్యలో ఉన్న గది తక్కువ ఊగుతుంది. పైకి పోయినకొద్దీ ఎక్కువ.

ఇంకో మాట, ఇది పుస్తకంలో ఉండదు. గుంపుకు సరిపడా గదులు తీసుకుంటే కంపెనీ ఒక బాల్కనీ గది ఊరికే ఇస్తుంది. గుంపు పెద్దకని ఇస్తారు కానీ ఎవరిని పెట్టేదీ ఏజెంటు ఇష్టం. నువ్వు గట్టిగా అడుగు. ఎనిమిదో అంతస్తు ఎడమవైపు కావాలని అడుగు. ఆ వరుస నాది.

అది మన ఊరి సమ్మయ్య మామకు ఇవ్వు మధూ.

మామ బిడ్డ అక్షిత సిరిసిల్ల నుంచి ఫోన్ చేసింది. కుట్టు మిషన్ మీద కూడబెట్టి అమ్మానాయినలను మీ గుంపులో పంపుతుందట. మామ కల్లు గీస్తూ చెట్టు మీదినుంచి పడ్డప్పటి నుంచి ఎట్లున్నాడో నీకు తెలుసు. ఎక్కువసేపు నిలబడలేడు, కూర్చుంటే నడుము పట్టేస్తుంది. బాల్కనీ గదిలో అయితే మంచం మీద పడుకునే సముద్రం చూడవచ్చు. పోయినసారి వీడియో కాల్‌లో నా వెనుక నీళ్లు చూసి ఏమన్నాడో తెలుసా? "చెట్టు దిగినకాంచి మల్ల గంత దూరం సూసుడే లేదు అల్లుడా" అన్నాడు. రుద్రంగిలో మనకు ముంజలు కొట్టి పెట్టిన చేతులవి. ఇంకేం రాయను.

నీ
మహి

*

జగిత్యాల
నవంబర్ చివర

అరే మహీ,

నీ ఉత్తరం చదువుతుంటే పేపరోడు వార్త రాసినట్టే ఉందిరా! "ప్రాణరక్షణ పడవలు" అట! లైఫ్ బోట్ అంటే నీ సొమ్మేం పోతది? ఏడో తరగతితో బడి ఎగ్గొట్టి, మిర్చి పొట్లాల కాగితాలు చదివి చదివి ఇట్లా తయారైనవ్. నేను డిగ్రీ చేసి కూడా రెండు లైన్లు రాయడానికి పెన్ను కొరుకుతున్నా.

మా ఓనర్ సార్‌కు నీ ఉత్తరం చదివి వినిపించా. "ఈ పోరడు మనకు దొరికిన బంగారం" అన్నాడు. కోరుట్ల, మల్లాపూర్, చందుర్తి దిక్కు గుంపు మొత్తం నాకే అప్పజెప్పాడు. ఇది బాగా నడిస్తే కోరుట్లలో కొత్త ఆఫీసు, దానికి నేనే ఇంచార్జి. అంతా నీ పుణ్యం.

సమ్మయ్య మామకు బాల్కనీ. ఎనిమిదో అంతస్తు, ఎడమవైపు, నీ వరుస. ఇది నా మాట. మామ మోకు మీద ఒట్టు. నడుముకు ఆ తాడు చుట్టుకుని చెట్లెక్కి మనకు పెట్టినోడు, ఆయనకు కాకుంటే ఎవరికి ఇస్తా? కానీ నువ్వు మామకు చెప్పకు. ఓడెక్కినాక తలుపు తెరిచి తానే చూడాలె. అదీ మజా.

ఇంకో ముచ్చట. నాకు సంబంధం కుదిరింది. జగిత్యాలే. అమ్మాయి పేరు హేమలత. వాళ్ల నాయినకు రైసుమిల్లు ఉంది. దోస్తులు ఏం చేస్తరని అడిగితే నీ గురించి చెప్పా. ఓడలో ఆఫీసర్ అన్నా. ఊకె అన్నలే, ఏమనుకోకు. నీ యూనిఫాం ఫోటో ఒకటి పంపు. నల్లకోటు ఉంటే అది వేసుకో.

ఇట్లు
మధు

*

కొచ్చి రేవు
డిసెంబర్

దోస్తూ,

సంబంధం సంగతి విని మా గదిలో అందరికీ చాయ్ తాగించా. కానీ నన్ను ఆఫీసర్ అని ఎందుకన్నావు? పక్కలు దులుపుతాడని చెప్పు. దొంగతనం చేస్తున్నానా? హేమలతకు నిజం చెప్పు, నవ్వితే నవ్వనీ.

నల్లకోటు నాకెక్కడిది? బూడిదరంగు చొక్కాతో, భుజం మీద తువ్వాలతో దిగిన ఫోటో పంపుతున్నా. నేను ఇదే.

మాకు తువ్వాళ్లతో బొమ్మలు మలచడం నేర్పుతారు. ప్రయాణికులు గదిలోకి రాగానే పక్క మీద ఏనుగో హంసో కనిపించాలి. నేను మామ కోసం తాటిచెట్టు చేస్తున్నా. మొద్దు బాగానే వస్తుంది, పైన మట్టలు నిలబడతలేవు, వాలిపోతున్నాయి. ఇంకా నెల ఉంది కదా, నిలబెడతా.

గది నంబరు వచ్చిందా? రాగానే పంపు. పరుపు కింద చెక్క వేయించాలి, మామకు మెత్తటి పరుపు పడదు.

మహి

*

జగిత్యాల
డిసెంబర్ చివర

మహీ,

పని ఎక్కువుంది, పొట్టిగా రాస్తున్నా. కోరుట్ల ఆఫీసు తీసుకున్నాం. జనం ఎట్లా వస్తున్నారో నువ్వు చూడాలె. రంగుల పుస్తకం ఎవడూ తెరవడు. "ఓడలో మనోడున్నడు, రుద్రంగి మహిపాల్" అంటే చాలు, పేరు రాయించుకుని పోతున్నారు. మల్లాపూర్ నుంచి ఒక్క దినమే రెండు ఇళ్లవాళ్లు వచ్చారు. "గా పోరడు సూసిన గదైతే మాకు ఇయ్యి" అంటున్నారు.

గది నంబర్లు ఓడెక్కే రోజే ఇస్తారట.

అన్నట్టు, కింది గదులు తక్కువ ఊగుతాయని రాశావు కదా. నడుము నొప్పి ఉన్న ముసలోళ్లకు అదే మంచిదేమో? ఊరికే అడుగుతున్నా.

మధు

*

ముంబై రేవు
జనవరి మొదట్లో

మధూ,

నంబర్లు ముందే వస్తాయి. నీకెవరో తప్పు చెప్పారు, మళ్లీ అడుగు.

ఊగుడు గురించి మామకు భయమా? గాలిదుమారంలో తాటిచెట్టు ఇటు నుంచి అటు పోతుంటే పైన ఒంటరిగా కల్లు గీసినవాడు. కింది గది వేరే ముసలివాళ్లకు మంచిదే. మామకు కాదు. ఆయనకు కావలసింది దూరం చూడటం.

తాటిచెట్టు నిలబడింది. మట్టలకు లోపల గట్టి కాగితం పెట్టా.

మహి

*

ముంబై, డోంగ్రీలో ఒకరి గది
జనవరి చివర

మధుకర్‌కు,

ఫోన్లో పంపితే ఒక్క టిక్కే పడుతున్నది. నన్ను బ్లాక్ చేశావు. అందుకే స్టాంపు అంటించి పోస్టు డబ్బాలో వేస్తున్నా. దీన్ని బ్లాక్ చేసే మీట నీ దగ్గర లేదు.

నన్ను ఓడ దించేశారు. నీకు తెలుసు. తెలిసి బస్సెక్కి పోయావు. నేను రేవు గేటు బయట పెట్టె మీద కూర్చుని ఉంటే మన గుంపు ముందునుంచే పోయింది. నువ్వు పక్కకు తిరిగి ఫోన్ చూసుకున్నావు.

ఏం జరిగిందో నీకు చెప్పాల్సిన పనిలేదు, నువ్వక్కడే ఉన్నావు. అయినా రాస్తా. రాయకుంటే నా తలకాయ పగిలిపోయేటట్టుంది.

ఓడెక్కే రోజు నేను ఎనిమిదో అంతస్తు తలుపు దగ్గర నిలబడ్డా. పరుపు కింద చెక్క వేయించా. పక్క మీద తువ్వాల తాటిచెట్టు. మామ వస్తాడు, తలుపు తీస్తాడు, అత్త ఏదో ఒకటి తిడుతుంది. ఇట్లా మనసులో వంద పెట్టుకున్నా. తీరా వచ్చింది నువ్వు. నీ వెనుక పట్టుచీరలో ఒకామె, సఫారీ చొక్కాలో ఒకాయన, హేమలత. నేను సంతోషం పట్టలేక "అరే మధూ!" అనబోయా. సగం నోరు తెరిచా కూడా. నువ్వు నా తల మీదినుంచి గోడను చూసి ఇంగ్లీషులో అన్నావు, రెండు తువ్వాళ్లు ఎక్కువ కావాలని.

సఫారీ ఆయన పక్క మీది బొమ్మ చూసి "గీ తువ్వాల చెట్టేంది?" అన్నాడు.

"తాటిచెట్టు నాయినా, మట్టలు జూడు" అంది హేమలత.

"ఏదో డెకరేషన్ మామయ్యా" అని నువ్వు దాన్ని తీసి కుర్చీలో పడేశావు.

సరే అనుకున్నా. పెళ్లివారి ముందు ఆఫీసర్ దోస్తు తువ్వాళ్లు మోస్తే నీకు సిగ్గు. పోనీ అనుకున్నా. మామకు వేరే బాల్కనీ ఇప్పించి ఉంటావు అనుకున్నా. అంత పిచ్చోణ్ణి.

ఓడ కదిలే రోజు మాకు ఊపిరాడదు. మర్నాడు ఫిలిప్పీన్స్ పోరడు చెప్పాడు, రెండో అంతస్తులో మీ భాష పెద్దాయన ఉన్నాడు, గది దాటి రావడం లేదని. పరుగెత్తా. పొడుగు దారిలో చిట్టచివరి గది. ఇంజను చప్పుడు కాళ్లకు తగులుతుంటుంది. తలుపు తీయగానే కనకవ్వత్త లేచింది.

"అచ్చినవా అల్లుడా? మమ్ముల్ని కోళ్లగంప కింద మూసిపెట్టి ఇప్పుడు సూడనచ్చినవా? పొద్దు పొడిసిందో కుంకిందో గీ గదిల ఎట్ల ఎర్కైతదిరా?"

మామ మంచం మీద గోడ దిక్కు తిరిగి పడుకున్నాడు. మెల్లగా ఇటు తిరిగాడు.

"నువ్వూకో. పోరడు సూసి ఇప్పిచ్చిన గది. మధుకర్ జెప్పలే? నడుం నొప్పోళ్లకు కింద ఊగుడు తక్కువని మహిపాలే గిది పట్టువట్టి ఇప్పిచ్చిండని. మంచిగున్నది అల్లుడా. మంచిగ నిద్ర వడ్తున్నది."

విన్నావా మధుకర్? నా మాటనే తీసుకుపోయి, దాని తోక కోసి, మామ చేతిలో పెట్టావు. నువ్వు అబద్ధం నీ పేరుతో ఆడినా నేను ఇంత కాలేవాణ్ణి కాదు. నా పేరుతో ఆడావు.

లిఫ్టులో పైకి తీసుకుపోయా. పైన కుర్చీలన్నిటినీ పొద్దున్నే ఎవరో తువ్వాళ్లు వేసి పట్టుకున్నారు. మామ కటకటాలు పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. నడుము మీద చెయ్యి వేసుకున్నాడు. "సూసిన తియ్యి, పోదాం" అన్నాడు. ఏం చూశాడు? ముందు నిలబడి సెల్ఫీలు దిగేవాళ్ల వీపులు చూశాడు.

నీ గదికి వచ్చా. నువ్వు బయటికి వచ్చి తలుపు దగ్గరకు వేసి "ఇప్పుడు కాదు భై, తర్వాత మాట్లాడుదాం" అన్నావు. భై అట! ముప్పొద్దులా ఒకే కంచంలో తిన్నోణ్ణి.

చివరి పొద్దు మీరంతా నాష్తాకు పోయారు. నేను మామ దగ్గరికి పోయి "మధుకర్ పిలుస్తున్నడు మామా, ఆయన గది సూద్దువు రా" అన్నా. అబద్ధమే. పిలవని గడప మామ తొక్కడని నీకు తెలుసు. నా తాళంతో నీ తలుపు తెరిచా. ఓడలో అంతకంటే పెద్ద తప్పు లేదు, అదీ తెలుసు. బాల్కనీ తలుపు నెట్టి, పొడుగు కుర్చీలో మామను వెనక్కి వాల్చా.

మామ కళ్లు దూరానికి పోయాయి. గాలికి తలకు చుట్టిన రుమాలు ఊడిపోతుంటే చేత్తో పట్టుకున్నాడు. తర్వాత అన్నాడు.

"అల్లుడా, గాలి సుత గట్లనే కొడ్తున్నదిరా. చెట్టు మీదికెళ్లి సూసినట్టే ఉన్నది. గీడ కల్లు గీసెటోడు ఉంటే బాగుండు."

నవ్వాడు. చెట్టు మీదినుంచి పడ్డాక మామ అట్లా నవ్వగా నేను చూడలేదు.

అప్పుడే మీరు వచ్చారు.

మామ లేవబోయాడు, లేవలేకపోయాడు. కూర్చున్నచోటే నీకు రెండు చేతులూ ఎత్తాడు. "సల్లగుండు మధుకర్. యాది పెట్టుకొని పిలిచి కూసోవెడ్తివి" అన్నాడు. మీ మామగారు "ఎవరీయన?" అన్నాడు. హేమలత మంచం మీది దిండు తీసుకుని మామ నడుము వెనుక పెడుతున్నది.

ఒక్క మాట చాలు. "మా ఊరి మామ, నేనే పిలిచిన" అంటే అయిపోయేది. నీ గది పోయేదా? నీ పెళ్లి పోయేదా? అది కూడా వద్దు, ఊరికే ఊకున్నా సరిపోయేది.

"తెల్వది మామయ్యా. మన గ్రూపుల మనిషనుకుంట. దారి తప్పి అచ్చినట్టున్నడు" అన్నావు.

మామ చేతులు ఇంకా గాలిలోనే ఉన్నాయి.

తర్వాత మీ మామగారు ఫోన్ ఎత్తాడు, ఆఫీసర్ వచ్చాడు. ఈయనను మీరు రమ్మన్నారా అని నిన్ను అడిగాడు. నువ్వు లేదన్నావు. ఈ పనివాణ్ణి తలుపు తీయమన్నారా అని అడిగాడు. లేదన్నావు. నా కార్డు అక్కడే తీసుకున్నారు.

సమాధానం రాయి. తిట్టినా సరే, రాయి. ఎందుకు చేశావో ఒక్కటి చెప్పు.

మహిపాల్

*

జగిత్యాల
ఫిబ్రవరి

మహిపాల్ గారికి,

మీ ఉత్తరం అందినది. జరిగిన సంఘటనకు మా సంస్థకు సంబంధం లేదు. ప్రయాణికుల గదిని వారి అనుమతి లేకుండా తెరవడం ఓడ నియమాలకు విరుద్ధం. అధికారి అడిగిన ప్రశ్నకు నేను ఉన్నది ఉన్నట్టు చెప్పాను. గుంపు పెద్దకు వచ్చే ఉచిత గదిని ఎవరికి కేటాయించాలో నిర్ణయించే హక్కు సంస్థకు ఉంటుంది. శ్రీ సమ్మయ్య గారు చెల్లించిన తరగతికి తగిన గదినే వారికి ఇవ్వడమైనది.

పైన ఉన్నది మా ఓనర్ కంప్యూటర్ మీద కొట్టించిండు. ఇది నేను చేత్తో రాస్తున్న.

మహీ, నేను అబద్ధం ఆడలేదురా. నిన్ను తలుపు తీయమన్ననా? లేదు. మామను రమ్మన్ననా? లేదు. నువ్వే చెప్పు, ఏది అబద్ధం?

మామకు ఇద్దామనే అడిగిన ఆ గదిని. నీ తోడు. తర్వాత హేమలత వాళ్ల నాయిన ఒకసారి ఆఫీసుకు వచ్చిండు. పుస్తకంల బాల్కనీ బొమ్మ మీద వేలు పెట్టి "గిట్లాంటిది మాకు సూపిస్తవా అల్లుడా" అన్నడు. మిల్లు ఉన్నోడు, నన్ను మొదటిసారి అల్లుడా అన్నడు. నా నోట్ల నుంచి "మీకోసమే తీసిన" అని వచ్చింది. వచ్చినంక ఎట్ల వెనక్కి తీసుకుంట? నా జాగల నువ్వుంటే ఏం చేస్తుంటివి?

ఇంతకు సమ్మయ్య మామకు ఏం తక్కువైంది? ఓడైతే ఎక్కిండు, తిన్నడు, దిగిండు. ఆ గది నువ్వే ఇప్పిచ్చినవని నమ్ముతుండు. నమ్మనీ, చెప్పకు. ముసలాయన మనసు ఎందుకు కష్టపెట్టుడు?

హేమలత రెండుమూడుసార్లు అడిగింది ఆ పెద్దాయన ఎవరని. ఊళ్లె ఎవరో అని చెప్పిన.

కోరుట్ల ఆఫీసు ముందు నీ ఫోటోతో పెద్ద బోర్డు పెట్టినం. దసరా తర్వాత ఇంకో గుంపు పోతది. నువ్వు ఓడల లేవని ఎవరికీ అనకు. బదులుగా నీకు ఏదన్న పని చూస్త, దుబాయ్ అయినా సరే.

పెళ్లి ఉగాది తర్వాత. రా. కానీ హేమలత వాళ్ల ముందు ఓడ ముచ్చట తీయొద్దు.

మధు

*

సిరిసిల్ల
మార్చి

మధుకర్ సార్‌కు,

ఇగ పేపర్ రాత నాతోని కాదు. నోట్లె ఎట్లొస్తే గట్ల రాస్తున్న. సదువుకో.

సిరిసిల్లల సాంచెల మీద పనికి కుదిరిన. మగ్గాల చప్పుడుకు పక్కోడు ఏమన్నది వినవడది, అదే మంచిగున్నది. దుబాయ్ పని నీ దగ్గరనే పెట్టుకో.

అబద్ధం ఏది అని అడిగినవ్. "తెల్వది" అన్నది. గా మాట అబద్ధం. గా మాట నిన్ను ఆఫీసర్ అడగకముందే అన్నవ్. ఎవ్వడు బలవంతం జేసిండు? మామ చేతులు జోడిస్తుంటే కండ్ల సూసుకుంట అన్నవ్. నీ జాగల నేనుంటే ఏం జేస్తుంటి అని అడిగినవ్ గదా. నీ జాగల నేను లేకుంటినా? నా పని పోతదని తెలిసి తలుపు తీసిన. నువ్వు నీ మామ ముందు ఒక్క మాట తియ్యలేకపోతివి.

మామకు చెప్పొద్దన్నవ్. చెప్పిన. పోయిన ఆదివారం రుద్రంగి పోయి మంచం పక్కన కూసొని మొత్తం చెప్పిన. నేను పైగది అడిగిన సంగతి, నువ్వు మోకు మీద ఒట్టు పెట్టిన సంగతి, గది మీ అత్తగారోళ్లకు ఇచ్చిన సంగతి. కనకవ్వత్త నిన్ను తిట్టిన తిట్లు నేను రాస్తే కాయిదం కాలుతది.  మామ ఒక్కటే అడిగిండు.

"అయితే గా కింది గది నువ్వు సూసింది కాదా?"

"కాదు మామా."

మామ గోడ దిక్కు తిరిగిండు. "గా గదిల ఉన్నన్ని దినాలు గోడ దిక్కు సూసుకుంట, మా పోరడు సూసి ఇచ్చిండు గదా అని మంచిగ పండుకున్న అల్లుడా. ఇప్పుడు యాదికొస్తే నిద్ర వడ్తలేదు" అన్నడు.

సదివినవా? మల్ల సదువు. కిటికీ లేని గదిల కూడ ఆ మనిషికి ఒక నమ్మకం ఉండె. నేను చెప్తే గా ఒక్కటీ పోయింది. చెప్పకుంటే నీ అబద్ధానికి నేను కావలి కాయాలె. నన్ను గీ రెండిటి నడుమ నిలవెట్టింది నువ్వు. ఏం తక్కువైందని అడిగినవ్ గదా. గిది తక్కువైంది.

కోరుట్ల పోయి నీ బోర్డు సూసిన. నా తలకాయ కింద ఎవని కోటురా అది? నల్లకోటు, భుజం మీద బంగారు పట్టీలు! నా భుజం మీది తువ్వాల ఏడికి పోయింది? కింద పెద్ద అక్షరాలు. "ఓడలో మనోడున్నడు." నేను కిందికెళ్లి సూస్తుంటే ఒక ముసలామె నా మొకం, బోర్డు, నా మొకం సూసింది. మల్లాపూర్ కొమురవ్వ అట. కొడుకు మస్కట్‌ల ఉంటడట.

"గా బొమ్మల పోరడివి నువ్వే గదా కొడుకా? నాకు కిటికీ గది ఇప్పిస్తన్నరు. సముద్రం కనవడ్తది గదా?"

నేను ఆ గది నంబరు అడిగిన. నీ ఆఫీసు పిల్లగాడు కాయిదం సూసి చెప్పిండు. నాలుగో అంతస్తు, పడవలు యాలాడే జాగ. నేను నీకు మొదటి ఉత్తరంల రాసిన జాగ! మోసమని రాస్తే నువ్వు దాన్ని సరుకు లెక్క వాడుకున్నవ్.

"ఇప్పుడు ఓడల నేను లేనవ్వా. ఆ కిటికీల పడవ అడుగు కనవడ్తది. బోర్డు మీదోడు నేను కాదు" అన్న. కొమురవ్వ నా చెయ్యి పట్టుకొని "మరి నీ బొమ్మ ఎందుకు పెట్టనిచ్చినవ్ కొడుకా?" అన్నది.  గా మాటకు జవాబే గీ ఉత్తరం.

హేమలతకు నేనేం చెప్ప. పెళ్లికి రాను. ఆమె తువ్వాలల తాటిచెట్టును గుర్తువట్టింది, నిన్ను గుర్తువట్టకుంటదా?

వచ్చే అంగడి దినం కోరుట్ల వస్తున్న, అందరున్న టైములనే. బోర్డు నువ్వు దించుతవనుకుంటలేను. నీ పిల్లగాడు నిచ్చెన ఇయ్యనన్నడు. మూడంతస్తుల ఎత్తు స్తంభానికి కట్టిర్రు, నిచ్చెన కూడ అందదట.

మామకు గీ మాట జెప్తే మంచం మీదికెళ్లి లేసిండు. పడ్డకాంచి గోడకు యాలాడుతున్న మోకు తీసిండు. దుమ్ము దులిపిండు. చేతుల పట్టుకొని ఇంత ఇంత జరుపుకుంట తాడు మొత్తం సూసుకున్నడు. "గిది ఇంక గట్టిగనే ఉన్నది. వాడు ఒట్టు పెట్టింది గిదే గదా" అన్నడు. నాకు నడుముకు ఎట్ల సుట్టుకోవాలె, బరువు ఏడ ఏయాలె, కాలు ఏడ తన్నాలె, పొద్దంతా నేర్పిండు. ఇంటి ముంగటి కరెంటు స్తంభం ఎక్కబోతే కనకవ్వత్త కట్టె తీసుకున్నది, ఇగ ఎనుక చేనుల తాటిచెట్టు మీదికి సగం దాకా ఎక్కిన. మామ కింద కుర్చీల కూసొని "కిందికి సూడకు, దూరం సూడు" అని ఒర్రుతనే ఉన్నడు.

అంగడి నాడు మామ కూడ వస్తడు, ఆటోల. రోడ్డు మీద కుర్చీ ఏసుకొని కూసుంటడట. నేను ఎక్కుత, ఆయన చెప్తడు. గా కోటోని మీద నుంచి నా తలకాయ కోసుకొని దిగుత. ఎవరన్న మామను "నువ్వెవరు పెద్దమనిషీ" అని అడిగితే నువ్వు మాత్రం నోరు తెరువకు.

ఈసారి ఆయనే చెప్తనన్నడు.

రుద్రంగి మహిపాల్